త్రిత్వం, అన్యభాషలు: ఇవి రెండు చర్చలా, ఒకటేనా? (1 కొరింథీ 12:4–6)

ఆదివారం పాఠం

అందరికీ వందనాలు. మా యూత్ బైబిల్ స్టడీలో కొరింథీయులకు రాసిన మొదటి పత్రిక వరసగా చదువుతున్నాం. పదకొండు అధ్యాయాలు ఏ గొడవా లేకుండా నడిచాయి. పన్నెండులో 4, 5, 6 వచనాల దగ్గర మాత్రం ఆగిపోయాం.

"కృపావరములు నానావిధములుగా ఉన్నవి గాని ఆత్మ యొక్కడే. మరియు పరిచర్యలు నానావిధములుగా ఉన్నవి గాని ప్రభువు ఒక్కడే. నానావిధములైన కార్యములు కలవు గాని అందరిలోను అన్నిటిని జరిగించు దేవుడు ఒక్కడే."

ఒక బ్రదర్ "ఆత్మ, ప్రభువు, దేవుడు. త్రిత్వం, అంటే ఒక్క దేవుడే తండ్రి, కుమారుడు, పరిశుద్ధాత్మ అనే ముగ్గురు వ్యక్తులుగా ఉన్నాడన్న బోధ, ఇక్కడే ఉంది" అన్నాడు. ఏకత్వ సంఘం (తండ్రి, కుమారుడు, ఆత్మ వేరువేరు వ్యక్తులు కారని నమ్మే సంఘం) నుంచి వచ్చే ఇంకో బ్రదర్ "మూడుసార్లూ ఒక్కడే అని రాసి ఉంటే ముగ్గురని ఎలా చదువుతావు?" అని అడిగాడు. ఈలోగా ఒక సిస్టర్ "అన్యభాషలు (ఆత్మ ప్రేరణతో తెలియని భాషల్లో మాట్లాడడం), ప్రవచనం లాంటి ఆ వరాలే ఇప్పుడు లేవు. ఎవరిచ్చారని ఇంత చర్చ ఎందుకు?" అంది. ఇక ఆ రోజు పాఠం ముందుకు సాగలేదు.

దేవుడెవరు అనేది ఒక పాఠంగా, ఆత్మవరాలు ఇంకో పాఠంగా విడదీసి చెప్పనా? రెండూ కలిపితే టెన్షన్ పెరుగుతోంది. ఈ ఫోరంలో అన్ని సంఘాల వాళ్లూ ఉన్నారు కాబట్టి అడుగుతున్నాను. దయచేసి వాక్యం చూపించి చెప్పండి.

బెరయ విద్యార్థి

విడదీయకండి బ్రదర్. పౌలు విడదీయలేదు.

కొరింథులో నడుస్తున్నది పోటీ. నా వరం గొప్పది, నీది తక్కువది అని. దాన్ని ఆపడానికి పౌలు వరాల పట్టికతో మొదలుపెట్టలేదు, ఇచ్చేవాడితో మొదలుపెట్టాడు. పట్టిక 8వ వచనంలో గానీ రాదు. ఆ తర్వాత 11లో మళ్లీ ఇచ్చేవాడి దగ్గరికే వస్తాడు: ఆ ఆత్మ "తన చిత్తము చొప్పున" ప్రతివానికీ పంచి ఇస్తున్నాడు అని. చిత్తం ఉన్నవాడు ఒట్టి శక్తి కాడు. ఎవరికి ఏది ఇవ్వాలో నిర్ణయించేవాడు ఆయన. మీ గుంపులో లేచిన ప్రశ్నలన్నీ ఈ మాట మీదే ఆధారపడి ఉన్నాయి. ఆత్మను శక్తిగా చూసేవాడు ఆ శక్తిని రప్పించే పద్ధతుల కోసం వెతుకుతాడు. ప్రభువుగా చూసేవాడు అడుగుతాడు, ఎదురుచూస్తాడు, ఆయన ఏది ఇచ్చినా తీసుకుంటాడు.

ఈ రెండు చర్చలూ మొదటినుంచీ కలిసే నడిచాయి. 3వ శతాబ్దం మొదట్లో ఉత్తర ఆఫ్రికాలోని కార్తేజ్‌లో ఉన్న తెర్తుల్లియన్ అనే క్రైస్తవ రచయిత, ప్రక్సెయస్ అనే బోధకుడికి వ్యతిరేకంగా ఒక గ్రంథం రాశాడు. తండ్రే కుమారుడై శ్రమపడ్డాడన్నది ప్రక్సెయస్ బోధ. అతనే రోమ్‌లో మొంటానస్ (ఆత్మ తనద్వారా కొత్త ప్రవచనాలు పలుకుతున్నాడన్న 2వ శతాబ్దపు బోధకుడు) అనుచరుల ప్రవచనాలను బిషప్ తిరస్కరించేలా చేశాడని కూడా తెర్తుల్లియన్ అంటాడు. గ్రంథం మొదట్లోనే ఉన్న నేరారోపణ ఇది: ఇతడు రోమ్‌లో సాతానుకు రెండు పనులు చేసిపెట్టాడు, ప్రవచనాన్ని తరిమి దుర్బోధను తెచ్చాడు, ఆదరణకర్తను (పరిశుద్ధాత్మను) వెళ్లగొట్టి తండ్రిని సిలువ వేశాడు. త్రిత్వం మీద లాటిన్‌లో వచ్చిన తొలి పెద్ద గ్రంథం ఆత్మవరాల గొడవతోనే మొదలైందన్నమాట.

అపొస్తలుల బోధ

నేను ఏకత్వ సంఘంలోనే పుట్టి పెరిగాను. మా నమ్మకాన్ని వేరేవాళ్లు మా తరఫున చెప్పి, వాళ్లే ఖండించి ముగించడం చాలాసార్లు చూశాను. అందుకే నేనే చెబుతాను.

దేవుడు ఒక్కడు. "మన దేవుడైన యెహోవా అద్వితీయుడగు యెహోవా" (ద్వితీ 6:4). శాస్త్రి అడిగినప్పుడు ప్రభువు మొట్టమొదటి ఆజ్ఞగా చెప్పింది ఇదే (మార్కు 12:29). ఆ ఒక్క దేవుడే శరీరధారి అయ్యాడు. దేవత్వం యొక్క సర్వపరిపూర్ణత క్రీస్తులో శరీరంగా నివసిస్తోంది (కొలస్సీ 2:9), మూడో వంతు కాదు. పుట్టబోయే కుమారుడికి యెషయా "నిత్యుడగు తండ్రి" అని పేరు పెట్టాడు (9:6). ఫిలిప్పు తండ్రిని చూపించమంటే ఆయన "నన్ను చూచిన వాడు తండ్రిని చూచియున్నాడు" అన్నాడు. దీన్ని ఉన్నదున్నట్టు నమ్ముతున్నాం.

దేవుడు ముందు తండ్రిగా ఉండి, తర్వాత కుమారుడిగా మారి, ఆ తర్వాత ఆత్మగా మారాడని మేము చెబుతున్నట్టు చాలామంది అనుకుంటారు. అది మా బోధ కాదు. ఒకే సమయంలో ఆయన పరలోకంలో తండ్రి, శరీరంలో కుమారుడు, విశ్వాసులలో ఆత్మ. యేసు ప్రార్థించింది నిజమైన మనిషిగా, ఆ ప్రార్థన నిజమైన ప్రార్థన.

బాప్తిస్మం సంగతి కూడా చూడండి. అపొస్తలుల కార్యములు 2:38, 8:16, 10:48, 19:5. ఎక్కడ చూసినా యేసు నామమే.

ఇక తెర్తుల్లియన్. అదే గ్రంథంలో ఆయన ఇంకో మాట ఒప్పుకున్నాడు: సామాన్య విశ్వాసులు ఈ బోధ విని కలవరపడుతున్నారు, విశ్వాసుల్లో ఎప్పుడూ వాళ్లే ఎక్కువమంది అని. బెరయ గారు ఆ భాగం కూడా చెప్పాల్సింది.

బెరయ విద్యార్థి

ఆ భాగం ఉంది, మూడో అధ్యాయంలోనే. అన్యదేవతల గుంపును వదిలి ఒక్క దేవుని దగ్గరికి వచ్చినవాళ్లు కాబట్టి మళ్లీ చాలామంది దేవుళ్లంటున్నారేమోనని భయపడ్డారని ఆయనే కారణం చెప్పాడు. ఆ భయం మంచిదే. ముగ్గురు దేవుళ్లని చెప్పేవాడు ఏ సంఘంలో ఉన్నా తప్పే చెబుతున్నాడు. ఒక్కడే దేవుడన్న దాంట్లో మీకూ మాకూ తేడా లేదు.

మీరు చూపిన ప్రతి వచనాన్నీ నేనూ నమ్ముతాను. నేను దాటలేనిది యోహాను 17. "తండ్రీ, లోకము పుట్టకమునుపు నీయొద్ద నాకు ఏ మహిమ యుండెనో ఆ మహిమతో నన్ను ఇప్పుడు నీయొద్ద మహిమపరచుము" అని 5వ వచనం. మనిషిగా ప్రార్థించాడంటే, లోకం పుట్టకముందు ఆయన ఇంకా శరీరం ధరించలేదు. మరి అప్పుడు తండ్రి దగ్గర ఉన్నదెవరు? 24వ వచనంలో జగత్తు పునాది వేయబడకమునుపే తండ్రి తనను ప్రేమించాడని చెబుతాడు. ప్రేమించేవాడూ ప్రేమ పొందేవాడూ అక్కడ ఉన్నారు.

బాప్తిస్మం గురించి మీరు చూపిన 19వ అధ్యాయంలోనే రెండు వచనాలు వెనక్కి వెళ్లండి. ఎఫెసులోని శిష్యులు పరిశుద్ధాత్మ ఉన్నాడని వినలేదు అనగానే పౌలు అడిగింది "అలాగైతే మీరు దేనిని బట్టి బాప్తిస్మం పొందారు?" అని. బాప్తిస్మంలో పరిశుద్ధాత్మ పేరే వినబడకపోతే ఆ ప్రశ్న ఎందుకు వస్తుంది? తండ్రి కుమార పరిశుద్ధాత్మ నామంలో బాప్తిస్మం ఇవ్వమన్న మత్తయి 28:19 ఆచరణలో ఉన్న సంఘం అడిగే ప్రశ్న అది. అపొస్తలుల తర్వాతి తొలి తరాల్లోని దిదఖే అనే చిన్న పుస్తకం కూడా, ఏడో అధ్యాయంలో, తండ్రి కుమార పరిశుద్ధాత్మ నామంలోనే బాప్తిస్మం ఇవ్వమంటుంది.

అపొస్తలుల బోధ

యోహాను 17:5కి మా జవాబు ఇది. గొర్రెపిల్ల జగదుత్పత్తి మొదలుకొని వధింపబడినట్టే (ప్రకటన 13:8), కుమారుని మహిమ కూడా దేవుని సంకల్పంలో ముందే ఉంది. జరగబోయేదాన్ని దేవుడు జరిగినట్టే చూస్తాడు. 24వ వచనం ఇంతకంటే బలమైనది, దాన్ని తీసిపారేయను. కానీ సంకల్పంలో ఉన్నదాన్ని ప్రేమించడం దేవునికి అసాధ్యం కాదు కదా.

ఇంకో సంగతి. సండే స్కూల్లో పిల్లలకు త్రిత్వం గురించి నీళ్లు, మంచు, ఆవిరి అని చెబుతారు. ఒకే పదార్థం మూడు రూపాల్లో కనబడుతుందని. అది మా బోధకే దగ్గర. త్రిత్వ సంఘాల్లో కూర్చున్న చాలామంది మనసులో నమ్మేది ఏమిటో దాన్నిబట్టే తెలుస్తుంది.

బెరయ విద్యార్థి

మంచు, ఆవిరి గురించి మీరన్నది నిజం. ఆ ఉదాహరణతో త్రిత్వం చెప్పకూడదు. యేసు బాప్తిస్మం రోజున కుమారుడు నీళ్లలోనుంచి వస్తున్నాడు, ఆత్మ దిగుతున్నాడు, తండ్రి ఆకాశంనుంచి మాట్లాడుతున్నాడు (మత్తయి 3:16–17). ఆ దృశ్యానికి ఏ పోలికా సరిపోదు. పిల్లలకు ఆ దృశ్యాన్నే చెబితే చాలు.

విశ్వాస ప్రమాణం

నేను ప్రతి ఆదివారం నీకయ విశ్వాస ప్రమాణం చెప్పే సంఘం నుంచి వచ్చాను. ఇలాంటి చర్చల్లో "త్రిత్వాన్ని కాన్‌స్టంటైన్ చక్రవర్తి కనిపెట్టాడు" అనే మాట ఎక్కడో ఒకచోట వస్తుంది. ఇక్కడ ఎవరూ అనలేదు, సంతోషం. యూత్ గుంపులో మాత్రం తప్పకుండా అడుగుతారు, ఆదివారం పాఠం గారికి పనికొస్తుందని చెబుతున్నాను.

325లో నీకయలో తేల్చింది కుమారుని సంగతి. కుమారుడు సృష్టింపబడినవాడని, ఆయన లేని కాలం ఒకటి ఉందని అలెగ్జాండ్రియాలో అరియస్ అనే పెద్ద బోధించాడు. సభ దాన్ని ఖండించి, కుమారుడు తండ్రితో ఏకస్వభావం కలవాడని ఒప్పుకుంది. కాన్‌స్టంటైన్ ఆ సభను పిలిపించిన మాట నిజమే. కానీ కొన్నేళ్లకే ఆయన అరియస్ వైపు వాళ్లను మళ్లీ దగ్గరికి తీశాడు. 337లో మరణానికి ముందు ఆయనకు బాప్తిస్మం ఇచ్చింది అరియస్‌ను సమర్థించిన బిషప్, నికొమేదియ యూసేబియస్. ఆయన కొడుకు కాన్‌స్టాంటియస్ కూడా నీకయకు వ్యతిరేకంగానే నిలిచాడు. నీకయ విశ్వాసాన్ని కాపాడిన అలెగ్జాండ్రియా బిషప్ అథనాసియస్ ఐదుసార్లు దేశబహిష్కారం అనుభవించాడు. చక్రవర్తుల బలంతోనే ఆ విశ్వాసం నిలబడి ఉంటే ఆయనకు ఆ బాధ ఎందుకు?

మీ పాఠానికి దీనికంటే ముఖ్యమైనది ఇంకొకటి ఉంది. 325 నాటి ప్రమాణంలో ఆత్మ గురించి ఉన్నది ఒకే ముక్క: పరిశుద్ధాత్మను నమ్ముతున్నాము. అంతే. ఆ తర్వాత, కుమారుణ్ణి దేవుడని ఒప్పుకుంటూనే ఆత్మ మాత్రం సృష్టి అనేవాళ్లు బయలుదేరారు. అథనాసియస్ సెరాపియన్ అనే బిషప్‌కు ఉత్తరాలు రాసింది, బాసిల్ అనే ఇంకో బిషప్ పరిశుద్ధాత్మ మీద గ్రంథం రాసింది వాళ్లకు జవాబుగానే. 381లో కాన్‌స్టాంటినోపుల్ సభతో ముడిపడిన ప్రమాణంలో ఆ ముక్క పెరిగింది. ఆత్మ ప్రభువు, జీవమిచ్చువాడు, తండ్రితోను కుమారునితోను ఆరాధింపబడువాడు, ప్రవక్తల ద్వారా పలికినవాడు.

ఆ చివరి మాట చూడండి. ఆత్మ దేవుడని ఒప్పుకున్న చోటే ప్రవచనం గురించి కూడా ఒప్పుకున్నారు. మా సంఘంలో ఇది ప్రతివారం పలుకుతాం. కానీ ప్రవచన వరం గురించి ఎవరైనా అడిగితే మాట మార్చేస్తాం. అది నాకు ఎప్పుడూ బాధగానే ఉంటుంది.

మేడగది

నేను పెంతెకోస్తు, త్రిత్వాన్ని నమ్మేవాణ్ణి. పెంతెకోస్తు అనగానే అందరినీ ఒకే గాటన కడుతున్నారు, కాబట్టి చరిత్ర కొంచెం చెప్పాలి.

1901 జనవరి 1న అమెరికాలోని టోపెకాలో చార్లెస్ పర్హామ్ బైబిల్ స్కూల్లో ఏగ్నెస్ ఓజ్మన్ అన్యభాషలతో మాట్లాడింది. ఆత్మ బాప్తిస్మానికి (పరిశుద్ధాత్మతో నింపబడడానికి) అన్యభాషలే గుర్తు అన్న బోధ అక్కడ రూపుదిద్దుకుంది. 1906లో విలియం సీమోర్ నడిపిన లాస్ ఏంజిలెస్ అజుసా వీధి కూడికల నుంచి అది లోకమంతా పాకింది. సీమోర్ బానిసలుగా బతికిన తల్లిదండ్రుల బిడ్డ. తర్వాత హ్యూస్టన్‌లో పర్హామ్ నడిపిన బైబిల్ స్కూల్లో నల్లవాడు కాబట్టి తెల్లవాళ్లతో కలిసి కూర్చోనివ్వలేదు, గది బయట కూర్చుని పాఠం విన్నాడు. అలాంటివాడు నడిపిన కూడికల్లో తెల్లవాళ్లు, నల్లవాళ్లు పక్కపక్కన మోకరించారు. నాకు అన్యభాషల కంటే అది గొప్ప సూచక క్రియగా కనిపిస్తుంది.

1913లో లాస్ ఏంజిలెస్ దగ్గర అర్రోయో సెకో క్యాంపు మీటింగులో, అపొస్తలులు యేసు నామంలోనే బాప్తిస్మం ఇచ్చారని మెకాలిస్టర్ అనే బోధకుడు చెప్పాడు. మరుసటి ఏడాది ఫ్రాంక్ ఎవార్ట్ ఆ నామంలో మళ్లీ బాప్తిస్మాలు మొదలుపెట్టాడు. బాప్తిస్మంలో ఏ నామం పలకాలన్న ప్రశ్న, దేవుడు ఎవరన్న ప్రశ్న దాకా వెళ్లింది. 1914లో ఏర్పడిన అసెంబ్లీస్ ఆఫ్ గాడ్ 1916లో త్రిత్వాన్ని స్పష్టంగా రాసుకుంది. అప్పుడు నూటయాభైమందికి పైగా సేవకులు బయటికి వెళ్లారు. వరాల విషయంలో ఒకే అనుభవం ఉన్నవాళ్లు దేవుని విషయంలో రెండుగా చీలిపోయారు.

ఇప్పటికీ జనం కలిపేసే తేడా ఒకటుంది. మా దగ్గర అన్యభాషలు ఆత్మ బాప్తిస్మానికి గుర్తు, రక్షణకు షరతు కాదు. ఏకత్వ సంఘాల్లో ఎక్కువమంది దాన్ని కొత్త జన్మలోనే, అంటే రక్షణలోనే, భాగంగా చెబుతారు. ఈ రెంటికీ చాలా దూరం ఉంది.

వాక్యమే చాలు

ఆ సిస్టర్ వైపు మాట్లాడే మనిషి ఇక్కడ లేనట్టుంది. నేను చెబుతాను.

సూచక క్రియలు అపొస్తలులకు దేవుడిచ్చిన సాక్ష్యం. హెబ్రీ 2:3–4 చదవండి. ప్రభువు బోధించిన రక్షణను విన్నవాళ్లు దృఢపరిచారు, దేవుడు సూచక క్రియలతో వాళ్లకు తోడుగా సాక్ష్యమిచ్చాడు. సంఘం అపొస్తలులు, ప్రవక్తలు అనే పునాది మీద కట్టబడింది (ఎఫెసీ 2:20). పునాది ఒక్కసారే వేస్తారు. "ప్రవచనములైనను నిరర్థకములగును, భాషలైనను నిలిచిపోవును" అని పౌలే అన్నాడు (1 కొరింథీ 13:8). 4వ శతాబ్దం చివర్లో క్రిసోస్తోము అనే ప్రసంగీకుడు 1 కొరింథీ 12 మీద ప్రసంగిస్తూ, ఈ భాగం చాలా మసకగా ఉంది, అప్పుడు జరిగినవి ఇప్పుడు జరగడం లేదు కాబట్టి మనకు తెలియడం లేదన్నాడు. గ్రీకు మాతృభాషగా ఉన్న, అపొస్తలులకు మనకంటే ఎంతో దగ్గరి కాలంవాడు అన్న మాట అది.

మొంటానస్ గుంపులో మాక్సిమిల్లా అనే ప్రవక్త్రి, నా తర్వాత ప్రవక్త ఉండదు, అంతమే అని చెప్పిందని ఎపిఫానియస్ అనే బిషప్ రాశాడు. అంతం రాలేదు. తెర్తుల్లియన్ అలాంటి గుంపులోకే వెళ్లాడు. "దేవుడు నాకు చెప్పాడు" అనే మాటకు సంఘంలో ఒక్కసారి తలుపు తీస్తే, దాన్ని అడ్డం పెట్టుకుని మనుషుల్ని ఆడించేవాళ్లు వస్తారు. ఆ మాట విని ఉద్యోగాలు మానేసినవాళ్లను, పెళ్లిళ్లు చేసుకున్నవాళ్లను, మందులు ఆపేసినవాళ్లను నేను చూశాను. అందుకే ఇంత గట్టిగా చెబుతున్నాను.

దేవుడు స్వస్థపరచడని మేము అనం. ప్రార్థన చేస్తాం, ఆయన వింటాడు. ఫలానా మనిషికి స్వస్థత వరం ఉంది, అతను చెయ్యి పెడితే తగ్గుతుంది అన్న మాటనే ఒప్పుకోం. ఇక అన్యభాషల రికార్డింగులు విని పరిశీలించిన విలియం సామరిన్ అనే భాషాశాస్త్రవేత్త, మనుషుల భాషలకు ఉండే నిర్మాణం వాటిలో లేదని 1972లో ఒక పుస్తకమే రాశాడు. అపొస్తలుల కార్యములు 2లో విన్నవాళ్లకు తమ సొంత భాషలు వినబడ్డాయి.

మేడగది

మందులు ఆపించేవాళ్ల గురించి మీరు రాసిన ప్రతి మాటతో ఏకీభవిస్తున్నాను. పౌలు త్రోఫిమును మిలేతులో రోగిగా విడిచి వచ్చాడు (2 తిమోతి 4:20). అపొస్తలుడి చేతికే ప్రతిసారీ స్వస్థత దొరకలేదు.

కానీ వచనాన్ని సగంలో ఆపకండి. ప్రవచనాలు, భాషలతోపాటు జ్ఞానం కూడా నిరర్థకమవుతుందని అదే వాక్యంలో ఉంది. ఎప్పుడు? "పూర్ణమైనది వచ్చినప్పుడు". ఆ పూర్ణమైనది ఏమిటో 13:12 చెబుతుంది: అప్పుడు ముఖాముఖిగా చూస్తాం. కొత్త నిబంధన పుస్తకాలు పూర్తయిన రోజున ఎవరూ ముఖాముఖిగా చూడలేదు. అది ప్రభువు రాకడే.

చరిత్ర కూడా మీరు చెప్పినంత తిన్నగా లేదు. 2వ శతాబ్దంలో జస్టిన్ అనే క్రైస్తవ బోధకుడు యూదుడైన త్రుఫోతో వాదిస్తూ ప్రవచన వరాలు ఇప్పటికీ మా దగ్గర ఉన్నాయన్నాడు. సుమారు 180లో ఐరేనియస్ అనే బిషప్, సంఘంలో ప్రవచన వరాలున్న సహోదరులు, ఆత్మ ద్వారా నానా భాషలు మాట్లాడేవాళ్లు చాలామంది ఉన్నారని విన్నట్టు రాశాడు. హిప్పో బిషప్ అగస్టీన్ వయసులో ఉన్నప్పుడు అద్భుతాల కాలం అయిపోయిందని రాసి, ముసలితనంలో 'దేవుని పట్టణం' 22వ భాగంలో తన హిప్పో పట్టణంలో రెండేళ్లలోపే దాదాపు 70 స్వస్థతలు రాతపూర్వకంగా నమోదయ్యాయని చెప్పాడు. కళ్లముందు చూశాక ఆయన అభిప్రాయం మారింది.

సామరిన్ చెప్పింది నాకు ఇబ్బంది కలిగించదు. 1 కొరింథీ 14:2లో భాషతో మాట్లాడేవాడు మనుషులతో కాదు దేవునితో మాట్లాడుతున్నాడని ఉంది, మనుష్యుడెవడూ గ్రహించడు అని కూడా ఉంది. అర్థం చెప్పే వరం వేరుగా ఎందుకు అవసరమైందో అక్కడే తెలుస్తుంది.

దుర్వినియోగానికి మందు 1 కొరింథీ 14లోనే ఉంది. ఇద్దరు, ఎక్కువైతే ముగ్గురు, అదీ వంతులచొప్పున. అర్థం చెప్పేవాడు లేకపోతే మౌనం. ప్రవక్తలు మాట్లాడితే మిగిలినవాళ్లు వివేచించాలి. ఈ క్రమాన్ని మా సంఘాలు చాలావరకు పాటించడం లేదు, ఇది నాకు దుఃఖం. ఇంత గందరగోళాన్ని కళ్లారా చూసి కూడా పౌలు ఆ అధ్యాయం చివర్లో "భాషలతో మాటలాడుట ఆటంకపరచకుడి" అన్నాడు.

గెత్సేమనే

ఇక్కడ చదవడమే గాని ఎప్పుడూ రాయలేదు. మీరంతా వాక్యం తెలిసినవాళ్లు. మా చెల్లి గురించి అడగాలి.

చెల్లి ఒక ప్రార్థన గుంపుకి వెళ్తుంది. చిన్నప్పటినుంచి ప్రభువంటే ప్రాణం. అక్కడ అందరూ అన్యభాషలు మాట్లాడతారు, దానికి రాలేదు. మొదట ఇంకా ఉపవాసం ఉండమన్నారు. తర్వాత దాచిన పాపం ఏదో ఉంది, ఒప్పుకో అన్నారు. ఈమధ్య కొన్ని శబ్దాలు నేర్పి, ఇవే వేగంగా పలుకు, ఆత్మ వస్తాడు అన్నారు. అది పలకలేక ఏడుస్తూ ఇంటికి వచ్చింది. "అక్కా, నాలో పరిశుద్ధాత్మ లేడేమో, నేను ఆయన బిడ్డను కానేమో" అంటోంది. రాత్రిళ్లు నిద్రపోవడం లేదు.

తెర్తుల్లియన్ ఎవరో నాకు తెలియదు. దానికి నేనేం చెప్పాలి?

మేడగది

సిస్టర్, ఆ శబ్దాలు నేర్పించడం వాక్యానికి విరుద్ధం. అపొస్తలుల కార్యములు 2:4లో శిష్యులు మాట్లాడింది "ఆత్మ వారికి వాక్శక్తి అనుగ్రహించిన కొలది". మనిషి నేర్పిన కొలది కాదు. నేను పెంతెకోస్తువాణ్ణి, అన్యభాషలతో ప్రార్థిస్తాను. అయినా ఆ గుంపు చేసింది తప్పని చెబుతున్నాను. చెల్లిని ఇక అక్కడికి పంపకండి.

1 కొరింథీ 12:30 తనకు చదివి వినిపించండి. "అందరు భాషలతో మాటలాడుచున్నారా?" పౌలు ఆశించే జవాబు లేదు అనే. మా వాళ్లు దాన్ని కూడికలో అందరి ముందు మాట్లాడే వరానికే పరిమితం చేస్తారు, ఆ వాదన నాకు తెలుసు. కానీ ఒక బిడ్డ నిద్రలేక ఏడుస్తుంటే ఆ వచనాన్ని అలా పక్కకు నెట్టడం నాకు చేతకాదు. పెంతెకోస్తుల్లోనే బ్రిటన్‌లోని ఎలిమ్ సంఘాల వంటివి అన్యభాషలే ఏకైక గుర్తు అని పట్టుబట్టవు.

బెరయ విద్యార్థి

అక్కా, మనం చర్చిస్తున్న అధ్యాయంలోనే, వరాల పట్టిక రాకముందే, 3వ వచనం ఉంది: పరిశుద్ధాత్మ వలన తప్ప ఎవడూ యేసు ప్రభువని చెప్పలేడు. మీ చెల్లి ఆయన్ని ప్రభువని ఒప్పుకుంటోంది, ఆయన్ని ప్రేమిస్తోంది. అది ఆత్మ చేసిన పనే. రోమా 8:15–16 కూడా చదవండి. మనం అబ్బా తండ్రీ అని మొరపెడితే, మనం దేవుని పిల్లలమని ఆత్మ తానే మన ఆత్మతో కూడ సాక్ష్యమిస్తున్నాడు. నేను ఆయన బిడ్డనేనా అని ఆ రాత్రి ఆమె అడుగుతున్నది ఎవరిని? తండ్రినే. ఆత్మ లేనివాడికి ఆ తపన ఉండదు.

పైన రాసిందే మళ్లీ చెబుతున్నాను. వరం ఆయన చిత్తం చొప్పున వస్తుంది. ఇవ్వనిది దొంగిలించి దాచుకున్నట్టు ఆమెను నేరస్థురాలిని చేసే హక్కు ఏ గుంపుకీ లేదు.

వాక్యమే చాలు

సిస్టర్, నిద్ర లేకపోవడం ఎక్కువ రోజులు సాగితే డాక్టరుకి కూడా చూపించండి. అది అవిశ్వాసం కాదు. గలతీ 5:22 చదివించండి: ఆత్మఫలం ప్రేమ, సంతోషం, సమాధానం. ఆత్మ ఉన్నాడో లేడో చెట్టు ఫలాన్నిబట్టి తెలుస్తుంది. మీ ఇద్దరికోసం ప్రార్థిస్తాను.

అపొస్తలుల బోధ

అక్కా, ఇక్కడ నా స్థానం అందరికంటే కష్టమైనదని నాకు తెలుసు, ఎందుకంటే మేమే అన్యభాషలను కొత్త జన్మతో ముడిపెడతాం. నా నమ్మకాన్ని దాచను. కానీ శబ్దాలు నేర్పడాన్ని మా పెద్దలు కూడా ఖండిస్తారు. అపొస్తలుల కార్యములు 10లో పేతురు ఇంకా మాట్లాడుతూ ఉండగానే ఆత్మ కొర్నేలి ఇంట్లోవాళ్ల మీదికి దిగాడు. ఎవరూ వాళ్లను కంగారుపెట్టలేదు, ఎవరూ పాపం ఒప్పుకోమని గద్దించలేదు. దాచిన పాపం ఉందని ఆమెమీద నింద వేసినవాళ్లు యోబు స్నేహితులు చేసిన పనే చేశారు. చెల్లికి చెప్పండి: భయంతో కాదు, ఆశతో అడగమనండి. పరలోకమందున్న తండ్రి తన్ను అడుగువారికి పరిశుద్ధాత్మను ఇస్తాడు (లూకా 11:13). రొట్టె అడిగిన బిడ్డకు రాయి ఇచ్చే తండ్రి కాడు ఆయన.

మోడరేటర్

గెత్సేమనే సిస్టర్ విషయంలో ఎవరూ ఆ గుంపు పేరు అడగవద్దు. చర్చ కొనసాగించండి, వాక్యం, చరిత్ర వరకే. ఎదుటివాళ్ల రక్షణ మీద తీర్పు చెప్పే పోస్టులు తీసేస్తాం.

ఆదివారం పాఠం

చాలా వందనాలు. పాఠాన్ని విడదీయను. ముందు 12:1–3 చదివిస్తాను, యేసు ప్రభువని ఒప్పుకోవడమే ఆత్మ కార్యమని. తర్వాత 4–6, మత్తయి 3 పక్కన పెట్టి. తర్వాత 11వ వచనం మీదే ఒక ఆదివారమంతా ఉంటాం. 13, 14 అధ్యాయాలను ఆ తర్వాతే ముట్టుకుంటాం. ఏకత్వ బ్రదర్‌కి తన మాట తానే చెప్పుకునే సమయం ఇస్తాను, తన తరఫున నేను చెప్పను.

ఒక్కటి మిగిలింది. సమరయలో వాళ్లు నమ్మి, యేసు నామంలో బాప్తిస్మం పొందాక కూడా, పేతురు యోహానులు వచ్చి చేతులుంచేదాకా ఆత్మ వాళ్లమీద దిగలేదు (అపొ. 8:14–17). నమ్మినవాడిలో ఆత్మ ఉన్నాడని 12:3నుంచి చెబితే, దీన్ని అడుగుతారు. ఏం చెప్పను?

విశ్వాస ప్రమాణం

యూదులకూ సమరయులకూ సాంగత్యం లేదని గుర్తుచేయండి. యెరూషలేము అపొస్తలులే వచ్చి చేతులుంచకపోతే సమరయ సంఘం వేరు కుంపటి పెట్టుకునేది. దేవుడు ఆ గోడ పడగొట్టడానికే ఆపాడని మా వాళ్లు చెబుతారు. మా సంఘాల్లో బిషప్ చేతులుంచి చేసే దృఢీకరణకు ఆధారంగా చూపే భాగం కూడా ఇదే.

మేడగది

సమరయ, యూదుల సంగతి నిజమే, కానీ అంతటితో సరిపెట్టకండి. ఎఫెసులో అలాంటి గోడ ఏమీ లేదు, అక్కడ కూడా బాప్తిస్మం తర్వాతే పౌలు చేతులుంచాడు, అప్పుడే ఆత్మ దిగాడు (19:6). ఆత్మవలన పుట్టడం ఒకటి, ఆత్మతో నింపబడడం ఇంకొకటి అని మేము చెప్పేది ఈ రెండు భాగాలనుంచే. 12:3 మొదటిదాని గురించి. ఆ రెంటినీ పక్కపక్కన పెట్టి చదివించండి, పిల్లలే ప్రశ్నలు అడుగుతారు.

అపొస్తలుల బోధ

8:16లో వాళ్లు ఏ నామంలో బాప్తిస్మం పొందారో కూడా చదివించండి. బెరయ గారూ, యోహాను 17:24 గురించి మీరడిగినదానికి నా జవాబు ఇంకా పూర్తి కాలేదు. దానికోసం వేరే చర్చ మొదలుపెడతాను, ఫిలిప్పీ 2:6–11 కూడా కలిపి. మీరు రండి.

బెరయ విద్యార్థి

తప్పకుండా వస్తాను బ్రదర్. యోహాను 1:1–3, హెబ్రీ 1:8–10 కూడా పెట్టండి.

గెత్సేమనే

12:3, రోమా 8 చెల్లికి చదివి వినిపించాను. మళ్లీ చదవమంది. లూకా 11:13 కాగితం మీద రాసుకుంది. ఆ గుంపుకి ఇక వెళ్లనంది. బెరయ గారూ, 1 కొరింథీ 12 మొత్తం మేమిద్దరం కలిసి చదవాలనుకుంటున్నాం, 12వ వచనం నుంచి వచ్చే శరీరం, అవయవాల భాగం ఎలా చదవాలో ఎవరైనా రాస్తారా?